నేల విడిచి సాము

మేడను కొయ్యడానికి వచ్చాం.
ఐదంతస్తులు, గులాబిరంగు రాయి,
లోపల ముప్పైరెండు కుటుంబాలు.
ఎవరూ ఖాళీ చెయ్యలేదు.

వనాద్జోర్‌లో మార్చి. ఇంకా మంచు.
సెల్లార్‌లో మేం ఎనిమిదిమందిమి,
నీళ్ళు చిమ్ముతూ తిరిగే వజ్రపు పళ్ళ రంపం.
గోడకీ పునాదికీ మధ్య
మూరెడు మూరెడు తెంచుకుంటూ పోవాలి.
తెంచినచోట
రబ్బరు, ఉక్కురేకు, మళ్ళీ రబ్బరు, మళ్ళీ ఉక్కురేకు
పొరలుగా పేర్చి ఉడికించిన దిమ్మ దూర్చాలి.
ఆ తర్వాతే పక్క మూర.

మూడో అంతస్తు షొఘాకత్ అవ్వ
మొదటిరోజే గోడ పట్టుకుని దిగివచ్చింది.
దిమ్మని బొటనవేలితో నొక్కింది.
"గాతా రొట్టెలా ఉందే. దీనిమీదా మా ఇల్లు?"

పైనుంచి ఎంత బరువేసినా ఓర్చుకుంటుందవ్వా,
పక్కనుంచి తోస్తే మాత్రం పోనిస్తుంది, అన్నాను.
"మా ఆయనకి తిరగేసి" అంది.

నేల విడిచి సాము చెయ్యకురా అనేవాడు నాన్న.
తాపీ మేస్త్రీ. పునాదంటే పట్టు ఆయనకి.
ఎంత లోతున కరుచుకుంటే అంత ఇల్లు.
ఆ డిసెంబరు ఏడున
నేల ఒక్క ఉదుటున పక్కకి ఉరికింది.
కరుచుకున్న గోడ అడుగు దానితోపాటే ఉరికింది.
పైకప్పు ఇంకా బయల్దేరనే లేదు.
నడుమనున్న రాయి
ఎవరి మాట వినాలో తెలియక పగిలింది.
నాన్న కట్టినవాటిలో ఎన్ని మిగిలాయో
నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.
తాపీ మాత్రం మళ్ళీ పట్టలేదు.

అవ్వ పై అరలో ఏమీ పెట్టదు.
గాజుసామానంతా తువ్వాళ్ళు చుట్టి
చెక్కపెట్టెలో, నేలమీద.
మంచం పక్కన చెప్పులు, గుమ్మంవైపు ముఖంచేసి.
"న్వార్డ్‌కి ఐదేళ్ళు" అంది ఒకసారి.
అంతవరకే.
మధ్యాహ్నాలు కిటికీలోంచి
తాడుకి కట్టి బుట్టలో కాఫీ దించేది.
రంపం ఆపితేగాని
కప్పులో వలయాలు ఆగేవి కావు.

ఆఖరి మూర తెగినప్పుడు
ఏమీ జరగలేదు.
పైన ఎవరో కుళాయి కట్టేశారు.
ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్నాయి.
ఇల్లు నేలని వదిలేసిందని
ఇంటికి తెలియలేదు.

చుట్టూ జానెడు సందు వదిలాం, మేడ ఊగడానికి.
మీద రేకు మూతలు, గ్యాసు గొట్టాలకి వంపులు.
ఇందులో ఏమీ నింపరాదని బోర్డు కొట్టాం.
వేసవికల్లా అందులో పాత మంచుబండి,
రెండు సంచుల సిమెంటు, ఎవరిదో తలుపు.
అవన్నీ గట్టిగా ఇరుక్కుంటే
మేడకి మళ్ళీ నేలే గతి.
ఏటా వచ్చి తిట్టి తీయిస్తాను.
ఏటా కొత్తవి చేరతాయి.
బోర్డు కూడా ఒక ఏడు అందులోనే దొరికింది.

వచ్చింది, ఇన్నేళ్ళకి.
శరత్కాలం, రాత్రి రెండు దాటాక.
మా వీధిలో రెండు పొగగొట్టాలు కూలాయి.
నేను స్వెట్టరు తిరగేసి తొడుక్కుని పరుగెత్తాను.

మేడ నిలబడి ఉంది.
సందుమీది మూతలు నాలుగువేళ్ళ మేర జరిగాయి.
నిండుకుండ తొణకదంటారు;
అవ్వ మంచం పక్క సగం గ్లాసు కూడా తొణకలేదు.
తలుపు నేను బాదితే తెరిచింది,
నిద్రకళ్ళతో.

చెప్పాను.
మురిసిపోతుందనుకున్నాను.
"నన్ను లేపలేదే" అంది.
"పాతికేళ్ళు దాటింది
చెప్పులు పక్కన పెట్టుకుని పడుకోబట్టి.
దాంతో నాకు మాటలున్నాయి.
వచ్చి, నా కిందనుంచే వెళ్ళిపోయిందా,
దొంగలాగా?"

నా దగ్గర జవాబు లేదు.
టార్చి పట్టుకుని సెల్లార్‌కి దిగాను.
వెనకే ఆమె, ఒక్కో మెట్టూ కూడబలుక్కుంటూ.

దిమ్మలన్నీ నిటారుగా ఉన్నాయి,
ఎక్కడికీ వెళ్ళనట్టు.
పక్కన ఉక్కుపలక మీది దుమ్ములో మాత్రం
ఒక మేకు కొస గీసిన గీత.
మేడ వెళ్ళి, తిరిగివచ్చిన దూరం.

అవ్వ వంగి చూసింది.
కొలవబోయినట్టు చెయ్యి చాపి,
తన చెయ్యి పెద్దదై ఆగిపోయింది.
"మా న్వార్డ్ అరచెయ్యంత" అంది.

టార్చి అలాగే పట్టుకుని నిలబడ్డాను.